వద్దని చెప్పడం పిల్లలకి ఎక్కడ అలవాటవ్వాలి?

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఒక స్కూల్ కౌన్సెలర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారమండీ. ఆదివారం సాయంత్రం ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్లకి కుర్చీలు తెస్తున్నారు, ఈలోగా నేను మొదలుపెడతాను.

నా గదిలోకి వచ్చే తల్లిదండ్రులు ముందుగా అనే మాట దాదాపు ఒకటే. "మావాడు మంచోడేనండీ, ఫ్రెండ్సే పాడుచేస్తున్నారు." ఆ ఫ్రెండ్ వాళ్ల అమ్మగారు మర్నాడు వస్తారు. ఆవిడా అదే మాట అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. విడివిడిగా చూస్తే ఇద్దరూ బుద్ధిమంతులే. నలుగురు కలిసేసరికి నలుగురూ ఇంకోలా అయిపోతున్నారు. ఎందుకలా అవుతుందన్నది ముందు చూద్దాం. అది తెలియకుండా ఎంత తిట్టినా, ఎంత బతిమాలినా ఉపయోగం ఉండదు.

అమెరికాలో ఫిలడెల్ఫియాలో టెంపుల్ యూనివర్సిటీ ఉంది. అక్కడ మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు చేసిన ఒక పరిశోధన 2005లో అచ్చయింది. కంప్యూటర్లో కారు ఆట. కారు పోతూ ఉంటుంది, పసుపు లైటు పడుతుంది. ఎంత దూరం పోనిస్తే అన్ని పాయింట్లు. కాకపోతే ఏ క్షణాన్నైనా ఎర్రలైటు పడి గోడ అడ్డొస్తుంది. గుద్దితే పాయింట్లు పోతాయి. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు, కాలేజీ వయసువాళ్లు, 24 దాటిన పెద్దవాళ్లు దీన్ని ఆడారు. కొందరు ఒంటరిగా, కొందరు పక్కన స్నేహితులుండగా. పక్కన ఎవరున్నా పెద్దవాళ్ల ఆట మారలేదు. పిల్లలు మాత్రం స్నేహితులు పక్కనుంటే దాదాపు రెట్టింపు సాహసం చేశారు.

2011లో అదే యూనివర్సిటీలో మెదడు స్కాన్ తీస్తూ ఇలాంటి ఆటే ఆడించారు. స్నేహితులు వేరే గదిలోంచి చూస్తున్నారని తెలిస్తే చాలు, మెదడులో ఆనందానికి, బహుమతికి స్పందించే భాగం టీనేజ్ పిల్లల్లో ఎక్కువగా పనిచేసింది. పెద్దవాళ్లలో అలా కనిపించలేదు. కాబట్టి "నీకు బుర్ర లేదా, అది ప్రమాదమని తెలీదా" అని మనం అడిగే ప్రశ్నకి అర్థమే లేదు. తెలుసు. వాడికి బాగా తెలుసు. స్నేహితుడు చూస్తున్నప్పుడు ఆ తెలివికంటే ఆ చూపు బలంగా ఉంటుంది, అంతే.

మన ఊళ్లో ఇది కంప్యూటర్ ఆటతో ఆగదు. మనకి సముద్రం ఉంది.

ఆర్కే బీచ్‌లో, యారాడలో, రుషికొండలో పిల్లలు కొట్టుకుపోయారన్న వార్త మనం ప్రతి ఏడాదీ చదువుతున్నాం. దీన్ని కొంచెం వివరంగా చెప్పనివ్వండి. అలలు ఒడ్డుకి తోసిన నీళ్లన్నీ తిరిగి వెనక్కి పోవాలి కదా. ఇసక మేటల మధ్య సందు దొరికితే అటునుంచి సన్నటి పాయలా జోరుగా లోపలికి పోతాయి. రిప్ కరెంట్ అంటారు దాన్ని. చూడ్డానికి ఆ చోట అలలు తక్కువగా, నీళ్లు నెమ్మదిగా కనిపిస్తాయి. అందుకనే పిల్లలు సరిగ్గా అక్కడే దిగుతారు. లాగినప్పుడు భయంతో ఒడ్డువైపు ఎదురీదుతారు, అలిసిపోతారు. ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడే పక్కకి ఈది ఆ పాయలోంచి బయటపడి, అప్పుడు ఒడ్డుకి రావాలి. ఈత రానివాళ్లు తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఈ ఒక్క ముక్క ఇవాళ ఇంటికెళ్లి పిల్లలకి చెప్పండి. నా ప్రసంగంలో మిగతాదంతా మర్చిపోయినా నాకు బాధ లేదు.

ఇప్పుడు ఒడ్డున ఏం జరుగుతుందో చెబుతాను. చాలామంది పిల్లలు నాకు వేర్వేరుగా చెప్పినవి కలిపి చెబుతున్నాను, ఏ ఒక్కరి గురించీ కాదు. ట్యూషన్ ఎగ్గొట్టి ఐదుగురు వెళ్లారు. నలుగురు మోకాళ్ల దాకా దిగారు. ఐదోవాడు చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసక మీద నిలబడ్డాడు. వాడికి ఈత రాదు. "రారా మావా, నడుం లోతేరా." వీడు నవ్వాడు. "ఏట్రా, మీ అమ్మనడగాలా?" మళ్లీ నవ్వాడు. "వీడింతేరా, వీడో పప్పుగాడు. వీడియో తియ్యరా వీణ్ణి." ఫోను వీడి వైపు తిరిగింది. చెప్పులు ఇసకలో పడేసి దిగాడు.

చూడండి, ఎవరూ చెయ్యి పట్టుకుని లాగలేదు. బెదిరించలేదు. ఆ నలుగురూ వాడికి ప్రాణస్నేహితులు. వాళ్లకీ చెడ్డ ఉద్దేశం లేదు. వీడికి ఆ నిమిషంలో చేతనైనవి రెండే పనులు. ముందు నవ్వడం, తర్వాత దిగడం. మూడో పని వాడికి ఎవరూ నేర్పలేదు. నేను మాట్లాడేది ఆ మూడోదాని గురించే.

చాలామంది నన్ను అడుగుతారు, "సార్, మీరు పిల్లలకి ఒక క్లాసు తీసుకుని 'నో' చెప్పమని గట్టిగా చెప్పండి" అని. అమెరికాలో 1980లలో ఆ పని పెద్ద ఎత్తున చేశారు. 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన డేర్ అనే కార్యక్రమంలో పోలీసులే బడులకి వచ్చి మత్తుమందుల గురించి పాఠాలు చెప్పారు. దేశమంతా పాకింది. తీరా 1990లలో పరిశోధకులు లెక్కతీస్తే మత్తు వాడకం మీద దాని ప్రభావం అంతంతమాత్రమే అని తేలింది. వద్దనమని చెప్పడం తేలిక. ఎలా అనాలో, అన్న తర్వాత వాళ్లు నవ్వితే ఏం చేయాలో, మర్నాడు అదే బెంచీలో ఎలా కూర్చోవాలో కూడా నేర్పాలి. అది ఉపన్యాసంతో రాదండీ. నోటితో పలికి పలికి రావాలి.

ఒక అపోహ ఉంది. "మావాడికి ధైర్యానికేం తక్కువ, ఇంట్లో నామీద ఇంతెత్తున లేస్తాడు" అంటారు. అరవడం వేరు. ఇంట్లో అరిచే పిల్లాడే బయట అందరికంటే ముందు లొంగిపోవడం నేను చాలాసార్లు చూశాను. గొంతు లేవకుండా, ఎదుటివాణ్ణి తిట్టకుండా, తన మాట మీద తాను నిలబడడం కావాలి మనకి. అది అరిచేవాడికీ రాదు, తలొంచుకునేవాడికీ రాదు.

ఆ ఒడ్డున నిలబడ్డ పిల్లాడి దగ్గరికే మళ్లీ వెళదాం. వాడు ఏం అనొచ్చు? "నాకు జలుబు చేసిందిరా" అంటే ఏమవుతుంది? "జలుబుకి ఉప్పునీళ్లు మంచివిరా" అంటారు. "మా నాన్న చూస్తారేమో" అంటే "మీ నాన్న గాజువాకలో ఉంటే ఇక్కడెలా చూస్తార్రా" అంటారు. కారణం చెప్పిన ప్రతిసారీ వాళ్లకి వాదించడానికి ఒక కొక్కెం దొరుకుతుంది. అందుకని నేను పిల్లలకి చెప్పేది: మాట చిన్నదిగా ఉండాలి, కారణం ఉండకూడదు, స్నేహం తెగకూడదు. "నేను దిగన్రా. మీ ఫోన్లు, బ్యాగులు ఇలా ఇవ్వండి, నేను చూస్తా." ఈ మాటలో గమనించారా, వాడు గుంపు వదిలి పోవడం లేదు. ఆ పని వద్దన్నాడు, వాళ్లని వద్దనలేదు. గుంపులో తనకో పని పెట్టుకున్నాడు. మళ్లీ "పప్పుగాడు" అంటారు. మళ్లీ అదే మాట, అదే గొంతుతో. "అనుకోరా. నేను దిగను." ముఖంలో నవ్వు ఉండొచ్చు, తప్పులేదు. మూడోసారికి ఎగతాళి చేసేవాళ్లకి విసుగొస్తుంది.

ఈ మాట అక్కడ నోటికి రావాలంటే ముందే పలికి ఉండాలి. స్కూటీ నేర్పేటప్పుడు మొదటిరోజే జగదాంబ సెంటర్లోకి వదలం కదండీ, ఖాళీ గ్రౌండు చూసుకుంటాం. ఆ ఖాళీ గ్రౌండు మీ ఇల్లు. రాత్రి భోజనాల దగ్గర నాన్న ఫ్రెండు వేషం వేయాలి. "రేయ్, ఒక్క దమ్ము లాగరా, ఎవడికి తెలుస్తుంది?" అని నాన్నే అనాలి. మొదట పిల్లాడు సిగ్గుపడతాడు, పగలబడి నవ్వుతాడు. నవ్వనివ్వండి. రెండోసారి మాట వెతుక్కుంటాడు. మూడోసారికి వాడి మాట వాడికి దొరుకుతుంది. మీరు రాసిచ్చిన మాట కాదు, వాడి యాసలో వాడిది. అదే బయట పనికొస్తుంది.

స్కూటీ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా ముగ్గురేసి పిల్లలు ఒక్క బండి మీద వెళ్లడం మనందరం చూస్తున్నాం. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. "అందరిళ్లలో ఇస్తున్నారు కదా" అని మనం తాళం చేతిలో పెడుతున్నాం చూశారా, అదీ తోటివాళ్ల ఒత్తిడే. మనమీద పడుతున్న ఒత్తిడి. "మా ఇంట్లో ఇవ్వం" అని మనం ప్రశాంతంగా చెప్పగలిగితే, ఎలా చెప్పాలో పిల్లాడు మనల్ని చూసి నేర్చుకుంటాడు.

ఇంకో పరిశోధన చెబుతాను, ఇది చాలా పాతది, నాకు చాలా ఇష్టమైనది. 1951లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ కుర్రాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టి గీతలు చూపించాడు. ఏ రెండు గీతలు సమానమో చెప్పాలి, అంతే. చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. కాకపోతే ఆ గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని వచ్చినవాళ్లు. అందరూ ఒకే తప్పు జవాబు చెబుతారు. పాపం ఆ ఒక్కడు కళ్లెదురుగా కనబడుతున్నది వదిలేసి, మూడింట ఒకవంతు సార్లు ఆ తప్పు జవాబే చెప్పాడు. వాళ్లు టీనేజ్ దాటుతున్నవాళ్లు, పక్కనున్నవాళ్లు ముక్కూమొహం తెలియనివాళ్లు. అక్కడే అంతుంటే, పద్నాలుగేళ్ల పిల్లాడు, పక్కన రోజూ లంచ్ బాక్స్ పంచుకునే స్నేహితులు... ఊహించండి.

ఆష్ తర్వాత ఒక మార్పు చేశాడు. గదిలో ఒక్క మనిషి చేత సరైన జవాబు చెప్పించాడు. ఒక్కడంటే ఒక్కడు. తప్పులు ముందున్న వాటిలో నాలుగోవంతుకి పడిపోయాయి. నలుగురితో నారాయణా అనే మనిషి కూడా, తనతో పాటు ఇంకొక్క గొంతు వినిపిస్తే నిలబడతాడు. అందుకే నేను క్లాసులో పిల్లలకి వద్దనడం కంటే ముందు "నాకూ వద్దురా" అనడం నేర్పుతాను. మొదటి మాట అనడానికి చాలా గుండె కావాలి. రెండో మాటకి అంత అక్కర్లేదు. మీ పిల్లాడు బిడియస్తుడైతే వాణ్ణి నాయకుణ్ణి చేయాలని తంటాలు పడకండి. ఎవరైనా ఆగితే వాడి పక్కన ఆగమనండి. ఆ రోజు ఒడ్డున అలాంటి ఒక్కడుంటే ఇద్దరూ కూర్చుని ముంత మసాలా తిని వచ్చేవాళ్లు.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయం.

2012లో వర్జీనియా యూనివర్సిటీవాళ్లు ఒక పరిశోధన ప్రచురించారు. 13 ఏళ్ల పిల్లలు వాళ్ల అమ్మలతో ఏదో విషయం మీద, డబ్బులు, మార్కులు, స్నేహాలు, ఇలాంటి వాటి మీద వాదించుకుంటుంటే రికార్డు చేశారు. రెండు మూడేళ్ల తర్వాత అదే పిల్లల్ని మళ్లీ కలిశారు. అమ్మ దగ్గర అరవకుండా, ఏడవకుండా, కారణం చెబుతూ తన మాట మీద నిలబడ్డ పిల్లలు, బయట తాగుడు, మత్తు విషయంలో స్నేహితుల ఒత్తిడికి తక్కువగా లొంగారు. అమ్మ మాటకి వెంటనే సరేనన్నవాళ్లు బయట కూడా వెంటనే సరేనన్నారు.

ఇది వింటే మనకి ఎక్కడో గుచ్చుకోవాలి. మన ఇళ్లలో "నాకే ఎదురు చెబుతావా" అన్న మాట ఎన్నిసార్లు వస్తుంది? చుట్టాలొస్తే "మావయ్యకి ముద్దు పెట్టు" అని, పిల్ల వెనక్కి తగ్గుతుంటే ముందుకి తోస్తాం. కడుపు నిండిందన్నా ఇంకో ముద్ద పెడతాం. గ్రూపు బైపీసీ కావాలంటే ఎంపీసీలో చేర్చి "నీకేం తెలుసు" అంటాం. పదమూడేళ్లు వాడు వద్దన్న మాటకి ఇంట్లో విలువ లేకుండా పెంచి, పద్నాలుగో ఏట బయట గట్టిగా వద్దనమంటే ఎక్కడినుంచి తెస్తాడండీ? వద్దంటే ఎదుటివాళ్లు ఆగుతారన్నది వాడికి అనుభవంలోనే లేదు.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా ఎక్కువ. సర్దుకుపో, నవ్వుతూ మాట్లాడు, అందరికీ నచ్చేలా ఉండు అని పెంచుతాం. అదే పిల్లని ఒకడు రాత్రి పదకొండుకి "నమ్మకం ఉంటే ఫొటో పంపు" అని అడుగుతాడు. స్నేహితురాళ్లు "ఏం కాదులేవే, అందరూ పంపుతారు" అంటారు. ఆ పిల్ల ఆలోచించేది ప్రమాదం గురించి కాదు. వద్దంటే వాడు బాధపడతాడేమో అని. నాతో చాలామంది అమ్మాయిలు ఇదే మాట అన్నారు. వాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఎదుటివాడి బాధ నీ బాధ్యత కాదమ్మా. "నేను ఫొటోలు పంపను" అని ఒక్క లైను రాసి ఫోను పక్కన పెట్టు. ఇప్పటికే పంపేసి, వాడు బెదిరిస్తుంటే, తప్పు బెదిరించేవాడిదే, నీది కాదు, ఇంట్లో చెప్పు. తల్లులూ, ఆ పిల్ల వచ్చి చెప్పిన రోజున దయచేసి మొదటి మాటగా "నువ్వెందుకు పంపావు" అనకండి. ఆ ఒక్క ప్రశ్నతో తలుపు మూసుకుపోతుంది.

మీరందరూ ఈ వారమే చేయగల పని ఒకటుంది. ఇంట్లో ఒక రహస్య మాట పెట్టుకోండి. పిల్లాడు ఎక్కడైనా ఇరుక్కుంటే "అమ్మా, అమ్మమ్మ మందులు తెచ్చావా" అని మెసేజ్ పెడతాడు. అంతే, మీరు ఫోన్ చేసి "వెంటనే ఇంటికి రా, పనుంది" అని కోపంగా అనాలి. స్నేహితుల ముందు వాడి పరువు పోదు, అమ్మ మీదకి నెట్టేస్తాడు. నెట్టెయ్యనివ్వండి, మనకేం పోయింది. వెళ్లి తీసుకురండి. ఆ రాత్రి ప్రశ్నలు వద్దు. అన్నం పెట్టి పడుకోబెట్టండి. మర్నాడు నెమ్మదిగా మాట్లాడండి. వచ్చిన రాత్రే పోలీసు విచారణ పెడితే రెండోసారి ఆ మెసేజ్ రాదు.

గంజాయి గురించి మాట్లాడకుండా ఈ ఊళ్లో ఈ ప్రసంగం ముగించలేను. ఏజెన్సీ, ఒడిశా సరిహద్దు మనకి దగ్గర. సరుకు మన ఊరి మీదుగా పోతోందని పేపర్లలో చూస్తూనే ఉన్నారు. పిల్లల మీద ఒత్తిడి రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, తాగి చూడమనడం. రెండోది మీకు తట్టకపోవచ్చు. "ఈ కవరు రేపటిదాకా నీ బ్యాగులో ఉంచరా, అంతే." స్నేహితుడు అడిగితే కాదనలేక ఉంచుకుంటాడు. దొరికితే వాడి దగ్గర దొరికినట్టే, తాగాడా లేదా అన్నది వేరే ప్రశ్న. మూసి ఉన్న ఏ కవరూ ఎవరిదీ ఉంచుకోవద్దని ఇవాళే చెప్పండి. రాష్ట్రంలో ఈగల్ అనే మత్తుమందుల నిరోధక విభాగం ఉంది, నంబర్ 1972. మనసు బాగోకపోతే టెలీ మానస్, 14416, తెలుగులో మాట్లాడతారు. పిల్లలకి ఏ ఆపదైనా 1098. రాసుకోండి, ఫోన్లో పిల్లల చేత సేవ్ చేయించండి.

ఇక మీ ప్రశ్నలు.

(ఒక తండ్రి: ఇంట్లో ఎదురు మాట్లాడనిస్తే నెత్తికెక్కరా సార్?)

మంచి ప్రశ్నండీ. వాదించనివ్వడం అంటే ప్రతిసారీ ఒప్పుకోవడం కాదు. వాడు కారణం చెప్పాలి, మీరు పూర్తిగా వినాలి, మీ కారణం మీరు చెప్పాలి. చివరికి నిర్ణయం మీదే కావచ్చు. అరిస్తే మాత్రం ఆపేయండి, "గొంతు తగ్గాక మాట్లాడదాం" అనండి. అప్పుడప్పుడు వాడి కారణం సరైనదైతే ఒప్పుకోండి. "నువ్వు చెప్పింది బాగుంది, సరే" అన్న మాట తండ్రి నోటినుంచి విన్న పిల్లాడికి తన మాటకి బరువుందని తెలుస్తుంది. ఇంకోటి, ఓపిక పట్టండి. 14 నుంచి 18 ఏళ్ల మధ్య తోటివాళ్ల ఒత్తిడిని తట్టుకునే శక్తి క్రమంగా పెరుగుతుందని స్టైన్‌బర్గ్ బృందమే 2007లో చూపించింది. ఇవాళ తొమ్మిదో తరగతిలో ఉన్నవాడు ఇంటర్ అయ్యేసరికి ఇలాగే ఉండడు.

(ఒక తల్లి: మా పాప వద్దనే చెప్పిందండి. అప్పటినుంచి వాళ్లు దాంతో మాట్లాడడం మానేశారు. లంచ్‌లో ఒక్కర్తే కూర్చుంటోంది.)

కూర్చోండమ్మా. ఇది నేను దాచి చెప్పను. వద్దన్నందుకు కొన్నిసార్లు ఇదే జరుగుతుంది. కొన్నాళ్లు నిజంగా బాధగా ఉంటుంది. "పోనీలే, అలాంటివాళ్లు నీకెందుకు" అని తేలిగ్గా తీసేయకండి, దానికి వాళ్లే లోకం ఇప్పుడు. ముందు, అది చేసింది సరైన పని అని మీరూ, వాళ్ల నాన్నగారూ ఇద్దరూ విడివిడిగా దానితో అనండి. రెండోది, ఆ గుంపు బయట ఒక్క స్నేహం చాలు. డ్యాన్స్ క్లాసులోనో, మీ అపార్ట్‌మెంట్‌లోనో, వేరే సెక్షన్లోనో ఎవరైనా ఉన్నారేమో చూడండి, ఆదివారం ఇంటికి పిలవండి, దోసెలు వేసి పెట్టండి. క్లాస్ టీచర్‌కి కూడా చెబుదాం, బెంచీలు మార్చేటప్పుడు నెమ్మదైన పిల్ల పక్కన వేస్తారు, ఎవరికీ కారణం తెలియక్కర్లేదు. ఆ పాత స్నేహితుల్లో ఒకరిద్దరు లోపల్లోపల మీ పాపలాగే అనుకుని ఉంటారు, నోరు విప్పలేకపోయి ఉంటారు. వాళ్లు తిరిగి మాట్లాడితే పాపని బెట్టు చేయనివ్వకండి. నిద్ర పట్టడం లేదన్నా, తిండి తగ్గినా, స్కూలుకి రానన్నా ఆలస్యం చేయకుండా నాకు చెప్పండి. ఎలాగూ మంగళవారం లంచ్ టైములో నేను బడిలోనే ఉంటాను, పాపని ఒకసారి నా గదికి పంపండి. బాక్స్ తెచ్చుకోమనండి, ఇద్దరం కలిసి తింటూ మాట్లాడుకుంటాం.